ముందు స్పీకర్లు, తర్వాతే తక్కినవి: ఇంటి హైఫైకి ఒక మార్గదర్శి

మా బావగారు ఉద్యోగ విరమణ చేసిన నెలలోనే కొత్త యాంప్లిఫయర్ కొన్నారు. వారం తిరగకముందే ఫోను చేశారు. "ఏమయ్యా, పాట పెడితే గొంతు ముద్దగా వస్తోంది. దీన్ని ఇచ్చేసి ఇంకాస్త పెద్దది తెచ్చుకోనా?" విజయవాడ వెళ్లి చూస్తే, ఒక స్పీకరు షోకేసులో పెళ్లి ఫొటోకూ పింగాణీ బొమ్మలకూ మధ్య ఇరుక్కుని ఉంది. రెండోది ఫ్రిజ్ మీద వెల్లకిలా పడుకుని ఉంది. నేను యాంప్‌ను ముట్టుకోలేదు. రెండు స్పీకర్లనూ దించి, రెండు స్టూళ్ల మీద, గోడకు బాగా ముందుకు, ఆయన కుర్చీకి సమదూరంలో పెట్టాం. మళ్లీ అదే పాట వేశాం. ఒక చరణం అయ్యాక ఆయన అడిగింది ఒకటే: "ఇవి హాలు మధ్యలోకి వచ్చేశాయి కదా, మీ అక్కను ఒప్పించేదెలా?"

యాంప్ మార్చే మాట మళ్లీ రాలేదు. ఆ రోజు మేం చేసిన పనినీ, అది చేయడానికి ముందు కొనుగోలులో చూసుకోవలసిన సంగతులనూ వరసగా చెబుతాను. అక్కను ఒప్పించే విషయం చివర్లో.

పాట ఎక్కడ చెడిపోతుంది?

గాయకుడి ముందున్న మైకు గాలి కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. అక్కడి నుంచి మీ ఇంటి యాంప్ దాకా ఆ పాట విద్యుత్తుగానో, అంకెలుగానో ప్రయాణిస్తుంది. ఆఖరి మజిలీలో స్పీకరు దాన్ని మళ్లీ గాలి కదలికగా మార్చాలి. విద్యుత్తు విద్యుత్తుగా ఉన్నంతసేపు పాటకు పెద్దగా హాని జరగదు. ఒక రూపం నుంచి మరో రూపానికి మారేచోటే దెబ్బ తగులుతుంది.

అంకెల్లో చూడండి. ఇవాళ మధ్యరకం యాంప్ కూడా 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అన్ని స్వరాలనూ దాదాపు ఒకే ఎత్తున, అర డెసిబెల్ (శబ్దం హెచ్చుతగ్గుల కొలమానం) అటూ ఇటూగా అందిస్తుంది. తన పరిమితి దాటనంతవరకు అది చేర్చే వక్రీకరణ ఒక శాతంలో పదో వంతు కూడా ఉండదు. స్పీకరు సంగతి అలా కాదు. ప్రతిధ్వని లేని ప్రయోగశాలలో మూడు డెసిబెళ్లు అటూ ఇటూగా పలికిన స్పీకరును మంచి స్పీకరు అంటారు. దాన్నే ఇంటికి తెచ్చి గదిలో పెడితే మంద్ర స్వరాల దగ్గర పది డెసిబెళ్ల ఎగుడు దిగుళ్లు మామూలే. గట్టిగా మోగించినప్పుడు బేస్‌లో, అంటే ఆ మంద్ర స్వరాల్లో, వక్రీకరణ రెండు మూడు శాతం దాకా పోతుంది. యాంప్ ఇంచుమించు చదునైన రోడ్డు అయితే స్పీకరు వర్షాకాలపు మట్టిబాట అన్నమాట. సొమ్మూ శ్రద్ధా ఎక్కడ పెట్టాలో వేరే చెప్పనక్కరలేదు.

ఈ బాట గతుకులుగా ఉండటం తయారీదారుల తప్పు కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో వివరించిన పద్ధతే నేటికీ నడుస్తోంది. అయస్కాంతపు సందులో తీగచుట్ట, దానికి అతికించిన కోన్. చుట్టలో విద్యుత్తు పారితే కోన్ ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ ఒక్క కోన్ ఘటం దెబ్బ పడిన క్షణంలో కదిలి, మరుక్షణం ఆగిపోవాలి. బరువున్న వస్తువేదీ అంత విధేయంగా ఉండదు. పైగా మామూలు స్పీకరు తనకు అందిన విద్యుత్తులో ఒక శాతం కూడా ధ్వనిగా మార్చదు. మిగిలినదంతా చుట్టలో వేడిగా పోతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది. 1970లలో స్కాట్లండ్‌కు చెందిన లిన్ సంస్థ వ్యవస్థాపకుడు ఐవర్ టీఫెన్‌బ్రన్ 'ముందు పాట పుట్టే పరికరం, అంటే రికార్డు ప్లేయరు, బాగుండాలి. అక్కడ పోయినది తర్వాత తిరిగి రాదు' అని గట్టిగా వాదించాడు. ఆ కాలానికి అది సబబైన మాటే. రికార్డు గాడిలో ముల్లు కదిలి విద్యుత్తు పుట్టించడం కూడా రూపం మారడమే, కాబట్టి అక్కడా నష్టం జరుగుతుంది. సీడీలు, ఫోన్లు వచ్చాక ఆ మజిలీ తప్పిపోయింది. ఇంట్లో రూపం మారే చోటు ఇక ఒక్కటే మిగిలింది. మీరు ఇప్పటికీ నల్ల రికార్డులు వినేవారైతే మంచి ముల్లుకు కొంత సొమ్ము పక్కన పెట్టుకోండి. మిగతావారు నిశ్చింతగా ఉండవచ్చు.

నా లెక్క ఇది: మొత్తం సొమ్ములో సగానికి పైగా, వీలైతే అరవై శాతం, స్పీకర్లకూ వాటి స్టాండ్లకూ. పావు భాగం యాంప్‌కు. మిగిలినదాంట్లో పాట పలికించే పరికరం, తివాచీ, తీగలు సర్దుకోవాలి.

మొదటి అడుగు: దుకాణానికి వెళ్లకముందే గది కొలవండి

టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. ఇది ఎందుకంటే, రెండు ఎదురెదురు గోడల మధ్య కొన్ని స్వరాలు ఉయ్యాలలా ఊగి పెరిగిపోతాయి. లెక్క సులువు: 345ను ఆ రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించండి. దూరం మీటర్లలో ఉండాలి. 345 అంటే మన వాతావరణంలో ధ్వని సెకనుకు పోయే దూరం, మీటర్లలో.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదినే తీసుకుందాం. 12 అడుగులు 3.66 మీటర్లు, కనుక 47 హెర్ట్జ్ దగ్గర ఒక ఉబ్బు. 10 అడుగుల వెడల్పుకు 57 హెర్ట్జ్ దగ్గర మరొకటి. ఇక శ్లాబు ఎత్తు కూడా పదడుగులే అయితే అదీ 57 దగ్గరే వచ్చి కూర్చుంటుంది. రెండు ఉబ్బులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయన్నమాట. ఆ గదిలో 57 హెర్ట్జ్ దరిదాపుల్లో ఏ స్వరం పలికినా గుమ్మటంలో అరిచినట్టు ఉంటుంది. ఇలాంటి గదికి ఎనిమిది అంగుళాల వూఫర్లు (బేస్ పలికించే కోన్లు) ఉన్న నిలువెత్తు స్పీకర్లు తెచ్చుకోవడం కోరి తెచ్చుకున్న తలనొప్పి. అయిదారు అంగుళాల వూఫరున్న చిన్న స్పీకర్లు చాలు.

తర్వాత గది మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టప్' అని ఆగిపోతే అదృష్టవంతులు. 'టప్‌ర్‌ర్‌ర్' అని స్ప్రింగు సాగినట్టు వినిపిస్తే గోడలు, గచ్చు శబ్దాన్ని బంతిలా ఆడుకుంటున్నాయని అర్థం. సిమెంటు గోడలు, నున్నటి టైల్స్, పెద్ద గాజు కిటికీలున్న ఫ్లాట్లలో ఇది తప్పదు. మందు ఆరో అడుగులో ఉంది.

రెండో అడుగు: అట్టపెట్టె మీది అంకెలు చదవడం

ముందుగా ఒక మోసం గురించి. స్పీకర్ల పెట్టెల మీద 'పీఎంపీఓ' అని వేలకు వేల వాట్లు రాసి ఉంటే దాన్ని చదవకండి. కొలవడానికి ఒక పద్ధతి అంటూ లేని అంకె అది. అరచేతిలో పట్టే స్పీకరు మీద కూడా 1200 అని వేసుకోవచ్చు, అడిగేవారు లేరు. ఆర్‌ఎంఎస్ వాట్లు ఉన్నాయా అని చూడండి. అది కూడా స్పీకరు ఎంత తట్టుకోగలదో చెబుతుందే కానీ ఎంత బాగా పాడుతుందో చెప్పదు.

నిజంగా పనికొచ్చే అంకె సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెళ్లు వస్తుందన్నది అది. ఎనిమిది ఓమ్‌ల (ఓమ్ అంటే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డుకు కొలత) స్పీకరుకు 2.83 వోల్టులంటే ఒక్క వాటు. చిన్న స్పీకర్లలో ఇది 84 నుంచి 88 మధ్య ఉండటం సాధారణం. డెసిబెళ్ల లెక్క మనసులో పెట్టుకోండి: మూడు పెరగాలంటే యాంప్ రెట్టింపు శక్తి ఇవ్వాలి, పది పెరగాలంటే పది రెట్లు. అంటే 83 డెసిబెళ్ల స్పీకరు 89 డెసిబెళ్ల స్పీకరంత గట్టిగా మోగాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. 25 వాట్ల యాంప్‌తో పోయేదానికి 100 వాట్లు వెతుక్కోవాలి.

మరి అందరూ సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లే ఎందుకు తయారు చేయరు? కేఎల్‌హెచ్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో ఒక ఇనుప సూత్రం ఉంది. లోతైన బేస్, చిన్న పెట్టె, ఎక్కువ సెన్సిటివిటీ అనే ఈ మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి, మూడోదాన్ని వదులుకోవాలి. 'చిన్న పెట్టె, భూకంపంలాంటి బేస్, పది వాట్లకే హోరు' అని ఎవరైనా ఊరిస్తే ఈ సూత్రాన్ని తలచుకోండి. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ తెచ్చిన ఏఆర్-1 స్పీకరు ఈ బేరంలో ఒక దారి చూపింది. పెట్టెలోకి గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకుంది. బీరువా అంత పెట్టెలు ఇచ్చే బేస్ పుస్తకాల అర మీద పట్టే పెట్టెలోంచి వచ్చింది. బదులుగా సెన్సిటివిటీ పోయింది, యాంప్ మరింత కండబలం చూపవలసి వచ్చింది.

ఓమ్‌ల విషయం క్లుప్తంగా: ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లు ఏ యాంప్‌కైనా సరిపోతాయి. నాలుగు ఓమ్‌లైతే యాంప్ వెనక ఆ సంఖ్య రాసి ఉందో లేదో చూడండి. వరండాలో కూడా పాట రావాలని ఒకే జత టెర్మినళ్లకు రెండు జతల స్పీకర్లు కలిపేస్తుంటారు. ఎనిమిది ఓమ్‌లవి అలా కలిపితే నాలుగవుతాయి, నాలుగువి రెండవుతాయి. అప్పుడు యాంప్ కాలితే దాన్ని తిట్టి లాభం లేదు.

చిన్న స్పీకర్లు అంటే చులకన వద్దు. 1970లలో బీబీసీ తన ప్రసార వాహనాల్లో ఇరుకు చోటు కోసం ఎల్‌ఎస్3/5ఏ అనే స్పీకరును రూపొందించింది. ఎత్తు అడుగు మాత్రమే, వూఫరు అయిదు అంగుళాలే. సెన్సిటివిటీ తక్కువ, లోతైన బేస్ లేదు. అయినా మనిషి గొంతును అది పలికించే తీరు కోసం ఇప్పటికీ జనం వెతికి కొంటున్నారు. మన దేశంలో కోల్‌కతాకు చెందిన సోనోడైన్ దశాబ్దాలుగా స్పీకర్లు తయారు చేస్తోంది. విదేశీ పేరు లేనంత మాత్రాన పక్కన పెట్టకండి, వెళ్లి వినండి.

మూడో అడుగు: దుకాణంలో ఏం వినాలి

కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి తెరచాటు పరీక్షలు జరిపాడు. ఏ స్పీకరు మోగుతోందో కనబడకుండా వినిపించి అభిప్రాయం అడిగేవాడు. కంటికి కనబడనప్పుడు శ్రోతల ఎంపికలు ఆశ్చర్యపడేంతగా కలిశాయి. ఎదురుగానూ పక్కలకూ ఎగుడు దిగుడు లేకుండా పలికే స్పీకర్లనే మెచ్చుకున్నారు. దుకాణంలో మీకు తెర కట్టరు కాబట్టి కనీసం కళ్లు మూసుకోండి. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండేలా పట్టుబట్టండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా చెవి దాన్నే 'బాగుంది' అంటుంది. అమ్మేవారికి ఈ రహస్యం మీకంటే బాగా తెలుసు.

మీకు కంఠతా వచ్చిన పాటలు తీసుకెళ్లండి. నా పరీక్షలు మూడు.

ఒకటి, స్పష్టమైన ఉచ్చారణతో పాడిన తెలుగు పద్యం. అందులో శ, ష, స మీద చెవి పెట్టండి. 'స'లోని ఊపు 5000 హెర్ట్జ్ పైన ఉంటుంది, 'శ', 'ష'లది అంతకంటే కింద, మూడు నాలుగు వేల ప్రాంతంలో. రెండు స్పీకరు భాగాలున్న పెట్టెలో వూఫరు పనిని పై స్వరాలు పలికించే ట్వీటరుకు అప్పగించే క్రాసోవర్ సాధారణంగా 2000, 3000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అప్పగింత సరిగా జరగకపోతే 'శ' పలచబడి 'స'లా వినిపిస్తుంది. లేదా ప్రతి 'స' దగ్గరా సూది గుచ్చినట్టు ఉంటుంది. 'శేషశాయి' అన్న ఒక్క మాట నాకు స్పీకరు జాతకం చెప్పేస్తుంది.

రెండు, మృదంగం. ఎడమవైపు తొప్పి మీద చేయి నొక్కి జార్చినప్పుడు నాదం కిందినుంచి పైకి జారుతూ పోతుంది. మంచి స్పీకరులో ఆ జారుడు వినబడుతుంది. పెట్టె నాసిరకమైతే జారుడు ఉండదు, ఎక్కడ కొట్టినా ఒకటే 'బొంయ్'. చాలామంది ఆ బొంయ్‌నే 'బేస్ అదిరింది' అనుకుని కొనుక్కుంటారు. ఒక నెల తర్వాత తల బరువెక్కి స్పీకర్లు అటకెక్కుతాయి.

మూడు, మీ ఇంట్లో మనిషి గొంతు. భార్యో, కొడుకో, అమ్మో వార్తాపత్రిక నుంచి రెండు నిమిషాలు చదువుతుంటే ఫోనులో రికార్డు చేసుకోండి. ఆరుబయట నిశ్శబ్దమైన చోట చేస్తే గది ప్రతిధ్వని చేరదు. దుకాణంలో అది మోగుతుంటే ఆ మనిషిని పక్కన నిలబెట్టి మాట్లాడించండి. బీబీసీ ఇంజినీర్లు కూడా తమ స్పీకర్లను బతికున్న మనిషి గొంతు పక్కన పెట్టి పోల్చేవారు. సంగీత వాద్యం అసలు ఎలా మోగిందో మీకు తెలియకపోవచ్చు. మీ అమ్మ గొంతు ఎలా ఉంటుందో తెలియదా?

నాలుగో అడుగు: తీగలు కలపడం

తీగల మీద వేలకు వేలు పోయకండి. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకు ఏడున్నర ఓమ్‌ల దాకా అడ్డుకుంటుంది. యాంప్ నుంచి స్పీకరుకు అయిదు మీటర్లు అనుకుంటే వెళ్లి రావడానికి పది మీటర్లు, అంటే 0.075 ఓమ్. ఎనిమిది ఓమ్‌ల ముందు అది ఒక శాతం కూడా కాదు. మెత్తగా వంగేలా సన్నని పోగులున్న తీగ తీసుకోండి, సరిపోతుంది.

తీగ ఖరీదు కంటే ఏది ఎక్కడ కలిపారన్నది వెయ్యి రెట్లు ముఖ్యం. యాంప్ ఎరుపు స్పీకరు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక స్పీకరుకు తలకిందులైతే ఒక కోన్ ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది. బేస్ ఒకదానికొకటి కొట్టేసుకుని మాయమవుతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతుంది. పాత స్పీకర్ల మీద రంగులు చెరిగిపోతే గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. స్పీకరును యాంప్ నుంచి విడదీసి, రెండు తీగముక్కలతో బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. 'టక్' మని వూఫరు కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్ తగిలిన టెర్మినలే ప్లస్. లోపలికి పోతే మైనస్. రెండింటికీ గుర్తులు పెట్టుకోండి.

అయిదో అడుగు: స్పీకర్లు నిలబెట్టడం

పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం వచ్చే అడుగు ఇదే. ఒక సాయంత్రమంతా కేటాయించండి.

షోకేసులోంచి ముందు బయటికి తీయండి. పెట్టెలో పెట్టె పెడితే చుట్టూ ఉన్న చెక్క, గాజు కూడా పాడటం మొదలుపెడతాయి. 'బుక్‌షెల్ఫ్ స్పీకర్లు' అన్న పేరు చూసి పుస్తకాల మధ్య ఇరికిస్తారు కానీ, వాటిలో చాలామటుకు వెనక గాలి గొట్టం, అదే పోర్టు, ఉన్నవి. వాటికి ఊపిరాడాలి. స్టాండ్లు మేలు, లేకపోతే కదలని బరువైన స్టూళ్లు. కుర్చీలో కూర్చుంటే మన చెవి నేలకు మూడడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ట్వీటరు ఆ ఎత్తుకు రావాలి. దివాన్ మీదో, నేల మీద పరుపు వేసుకునో వినే అలవాటుంటే అంతకు తగ్గించండి. పై స్వరాలు టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయి కాబట్టి, ఫ్రిజ్ మీదున్న ట్వీటరు మీ తలపై నుంచి గోడకు పాడుతుంది.

ఇప్పుడు దూరాలు. స్పీకరు నుంచి వెనక్కి పోయిన బేస్ గోడకు తగిలి తిరిగివచ్చి, ఒక చోట ముందు వచ్చినదాన్ని కొట్టేస్తుంది. ఆ చోటు తెలియాలంటే కోన్ నుంచి గోడకున్న దూరాన్ని మీటర్లలో తీసుకుని, నాలుగుతో గుణించి, దానితో 345ను భాగించండి. రెండడుగులైతే 141 హెర్ట్జ్, సరిగ్గా మగగొంతు బరువుండే ప్రాంతం. పక్కగోడ కూడా రెండడుగులే ఉంటే రెండు గోడలూ కలిసి ఒకే చోట గొయ్యి తవ్వుతాయి. కాబట్టి వెనకగోడకు ఒక అంకె, పక్కగోడకు ఇంకొకటి, నేలకు మరొకటి ఉండేలా చూసుకోండి.

మన 12 బై 10 గదిలో నేను ఇలా మొదలుపెడతాను. పదడుగుల గోడవైపు స్పీకర్లు. పక్కగోడల నుంచి కోన్ మధ్యకు రెండడుగులు, వెనకగోడ నుంచి ముందు పలకకు రెండడుగుల తొమ్మిది అంగుళాలు. అప్పుడు రెండు స్పీకర్ల మధ్య ఆరడుగులు మిగులుతుంది. చెవి ఒక్కో స్పీకరుకు ఆరుంపావు అడుగుల దూరంలో ఉండేలా కుర్చీ వేస్తే, తల ఎదుటి గోడకు ఎనిమిదడుగుల చిల్లరలోనూ మీ వీపు వెనకున్న గోడకు మూడున్నర నుంచి నాలుగడుగుల్లోనూ పడుతుంది. సరిగ్గా గది మధ్య కూర్చోకూడదు, అక్కడ 47 హెర్ట్జ్ చచ్చిపోతుంది. గోడకు ఆనుకునీ కూర్చోకూడదు, అక్కడ అదే స్వరం ఉబ్బిపోతుంది.

ఇప్పుడు పాత సినిమా పాట ఒకటి పెట్టండి. అవి చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం అందుతుంది. స్టీరియో అమరికను పరీక్షించడానికి మోనో పాటను మించినది లేదని చెబితే మొదట్లో ఎవరూ నమ్మరు. అమరిక కుదిరితే గొంతు రెండు స్పీకర్లలో ఏ ఒక్కదాన్నుంచీ రాదు, రెండింటి మధ్య ఖాళీ గోడ ముందు, ఒక మనిషి ముఖమంత చోటులో నిలబడుతుంది. అది ఒక పక్కకు జరిగిందా? కుర్చీ, లేదా ఒక స్పీకరు, అంగుళమో రెండంగుళాలో దూరం తేడాగా ఉంది. టేపు పెట్టి కొలిచి సరిచేయండి. గొంతు అరుగంత వెడల్పుగా పరచుకుందా? స్పీకర్ల ముఖాలను కొద్ది కొద్దిగా మీవైపు తిప్పండి. ప్రతి తిప్పుడికీ ఒక పల్లవి వినండి. గొంతు బిగుసుకుని చెవిలో గుచ్చుకోవడం మొదలైతే కాస్త వెనక్కి తిప్పండి.

గొంతు కుదిరాక మృదంగం. 'బొంయ్' ఇంకా ఉంటే రెండు స్పీకర్లనూ రెండేసి అంగుళాలు ముందుకు జరిపి వినండి. ముందుకు చోటు లేకపోతే పోర్టులో ఒక శుభ్రమైన మేజోడు చుట్టి దూర్చండి. నవ్వులాట కాదు, కొన్ని సంస్థలు ఇదే పనికి నురుగు బిరడాలను స్పీకర్లతోపాటే ఇస్తాయి.

చెవి మీద నమ్మకం చాలకపోతే కొలవండి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు, పాత ల్యాప్‌టాప్ ఉంటే మీ గది గీత తెర మీద కనబడుతుంది. మొదటిసారి ఆ గీత చూసినవారు భయపడతారు. కొండలూ లోయలూ అందరి గదుల్లోనూ ఉంటాయి.

ఆరో అడుగు: గదిని మచ్చిక చేసుకోవడం

చప్పట్ల పరీక్షలో 'టప్‌ర్‌ర్‌ర్' వచ్చిన గదికి మొదటి మందు నేల మీదే. మీకూ స్పీకర్లకూ మధ్యనున్న టైల్స్‌ను కప్పండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా చూడముచ్చటగా ఉంటుంది కానీ పలచన, ఒంటరిగా వేస్తే పైపై స్వరాలను కాస్త అణుస్తుందంతే. దాని కింద ఒక మందపాటి బొంత పరవండి, అప్పుడు పని జరుగుతుంది.

తర్వాత పక్కగోడలు. మీరు కుర్చీలో కూర్చోండి. ఇంకొకరు చేతిలో అద్దం పట్టుకుని పక్కగోడ వెంట నడవాలి. ఎక్కడ నిలిస్తే అద్దంలో మీకు స్పీకరు కనబడుతుందో, శబ్దం కూడా అక్కడే తగిలి మీ చెవికి వస్తోంది. ఆ చోట నిండా పుస్తకాలున్న అల్మారా గానీ బరువైన తెర గానీ ఉంటే చాలు. పల్చని నైలాన్ తెర వల్ల కిటికీకి అందమే తప్ప చెవికి ఉపయోగం లేదు. కోడిగుడ్ల అట్టలు అంటించమని చెప్పేవారి మాట వినకండి. అవి బేస్‌ను ఏమీ చేయవు, బల్లులకు మాత్రం ఇల్లు దొరుకుతుంది.

గోడలకు అంగుళం మందాన నురుగు పలకలు కొట్టినా బేస్ ఉబ్బు తగ్గదు. దాని అలలు మీటర్ల పొడవున ఉంటాయి. మందపాటి సోఫా, పరుపు, మూలల్లో పేర్చిన బట్టల మూటలు కొంత పనిచేస్తాయి. మిగిలినది కుర్చీ స్థానంతోనే సరిపెట్టుకోవాలి.

ఏడో అడుగు: ఇప్పుడు యాంప్

ఇంత వరకు వచ్చాక దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 86 డెసిబెళ్ల స్పీకర్లతో, ఏడెనిమిది అడుగుల దూరంలో, ఇల్లాలు 'తగ్గించండి' అనే స్థాయిలో వింటే సగటున యాంప్ ఇచ్చేది అర వాటు, ఒక వాటు. అయితే మృదంగం దెబ్బ పడిన క్షణంలో శబ్దం సగటు కంటే 20 డెసిబెళ్లు ఎగరవచ్చు, అంటే వంద రెట్లు. అర వాటుకు వంద రెట్లు యాభై వాట్లు. కాబట్టి ఇంటికి నిజమైన 40, 60 వాట్ల యాంప్ తీసుకుంటే ఇబ్బంది ఉండదు. చిన్న యాంప్‌ను దాని శక్తికి మించి గట్టిగా పెట్టడం పెద్ద యాంప్ కంటే ప్రమాదకరం. అల తల నరికినట్టు చదునై, పై స్వరాల శక్తి అమాంతం పెరిగి, ముందుగా కాలిపోయేది సున్నితమైన ట్వీటరు చుట్టే. పెళ్లిళ్ల సీజనులో మరమ్మతుకు వచ్చే ట్వీటర్ల కథ చాలావరకు ఇదే.

సబ్‌వూఫర్, అంటే లోతైన బేస్ కోసమే వేరుగా పెట్టే స్పీకరు, కావాలనుకుంటే తొందరపడకండి. మొదటి ఆరు అడుగులూ అయ్యాక కూడా 50 హెర్ట్జ్ కింద వెలితి అనిపిస్తేనే కొనండి. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక తమాషా పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను మీ కుర్చీలో కూర్చోబెట్టి, బేస్ ఉన్న పాట పెట్టి, మీరు గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకండి. బేస్ ఎక్కడ చదునుగా, తేటగా వినబడితే సబ్‌వూఫర్ చోటు అదే. తలుపు వేసుకుని చేయండి.

తర్వాత చూసుకోవలసినవి

కోన్ అంచున ఉండే నురుగు చుట్టు మన తేమకు పది, పదిహేనేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. కోస్తాలో ఇంకా ముందే కావచ్చు. రబ్బరు చుట్టు ఎక్కువకాలం మన్నుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందు జాలీ తీసి ఆ అంచును వేలితో తేలిగ్గా తాకి చూడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే జాలీ తీయకండి. ట్వీటరు బుడిపెను చూస్తే నొక్కాలని ప్రతి బిడ్డకూ అనిపిస్తుంది. కరెంటు పోయి పాతకాలపు ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు 'జుయ్' మంటే కంగారు పడకండి, ఆ ఇన్వర్టరు ఇచ్చే చతురస్రపు అలే కారణం. వేసవిలో ఒకసారి మా ఎడమ స్పీకరు బేస్ తగ్గింది. క్రాసోవర్ పోయిందేమోనని విప్పబోతూ పోర్టులోకి టార్చి వేస్తే లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు కనిపించింది.

ఇక అక్క విషయం. హాలులో మనుషులు తిరగాలి, ఇల్లు తుడవాలి, చుట్టాలు కూర్చోవాలి. రెండడుగుల తొమ్మిది అంగుళాలు ముందుకు వచ్చిన స్పీకర్లను ఏ ఇల్లాలూ పొద్దస్తమానం భరించదు, భరించమనడం న్యాయమూ కాదు. అందుకే వినేటప్పుడు ముందుకు, లేనప్పుడు గోడకు అన్న ఒప్పందానికి వచ్చాం. స్టాండ్ల కింద ఫెల్టు ముక్కలు అంటిస్తే టైల్స్ మీద ఒక వేలితో జరుగుతాయి. తీగను మూడడుగులు అదనంగా వదలాలి. ప్రతిసారీ టేపుతో కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి స్టాండు ముందు మూలలు వచ్చే చోట గుర్తులు కావాలి. సుద్దగీతలు పెడితే మర్నాడు తడిగుడ్డకు పోయాయి. ఇప్పుడు బావగారి హాలులో తెల్లటి టైల్స్ మీద నాలుగు ఎర్రని గోళ్లరంగు చుక్కలున్నాయి. పెట్టింది మా అక్కే.